సీడార్ పాయింట్‌లో ఒక రోజు

మా చిన్నతనంలో ఊరి తిరునాళ్ళకు రంగులరాట్నం వచ్చేది. నాలుగు గుంజలు, ఒక ఇరుసు, చెక్కగుర్రాలు, త్రిప్పడానికి ఇద్దరు మనుషులు, అంతే దాని యంత్రసామగ్రి. తిరునాళ్ళ ముగిసిన మరునాడు గుంజలు ఊడదీసి, బండిమీద వేసుకుని మరొక ఊరికి సాగిపోయేవారు. ఉంచాలా, తీసివేయాలా అన్న ప్రశ్న ఆ రాట్నం యజమానికి ఎన్నడూ ఎదురై ఉండదు. కాని కోట్లు వెచ్చించి, భూమిలో పునాదులు దించి, ఉక్కుతోనో కలపతోనో కొండంత నిర్మాణాన్ని నిలబెట్టినవారికి ఆ ప్రశ్న ఏటేటా ఎదురవుతూనే ఉంటుంది. కర్మాగారాలలో పనిచేసే మనబోటివారికి కూడా అది చిరపరిచితమైన ప్రశ్నే. 2025 జూలైలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో సీడార్ పాయింట్ అనే వినోదోద్యానాన్ని చూచినప్పుడు ఈ ప్రశ్నకు ఎన్ని విధాలైన సమాధానాలు ఉండగలవో మాకు తెలిసివచ్చింది. ఆ అనుభవాన్ని మన పాఠకమిత్రులతోను, వారి కుటుంబసభ్యులతోను పంచుకోవాలని ఈ ప్రయత్నం.

మా అమ్మాయి, అల్లుడు క్లీవ్‌లాండ్ నగరం సమీపంలో నివసిస్తున్నారు. సెలవు పెట్టి మేము దంపతులము వారింటికి వెళ్ళిన రెండవ వారంలోనే తొమ్మిదేళ్ళ మా మనుమడు పట్టుపట్టాడు. "తాతయ్యా, నువ్వు ఇంజనీరువి కదా, రోలర్ కోస్టర్ ఎక్కకపోతే ఎలా?" అన్నాడు. ఇంజనీరు కావడం వల్లనే ఎక్కడానికి జంకుతున్నామని వాడికి చెప్పలేకపోయాము.

సరస్సు నడుమ ఉక్కుకొండలు

క్లీవ్‌లాండ్‌కు పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో శాండస్కీ అనే చిన్న పట్టణం ఉన్నది. ఈరీ మహాసరస్సులోకి చొచ్చుకుపోయిన ఒక సన్నని ద్వీపకల్పం మీద సీడార్ పాయింట్ వెలసింది. ఉద్యానం ఇంకా దూరంగా ఉండగానే నీటిమీదుగా వేసిన రహదారి నుంచి దాని ఆకృతులు కనిపిస్తాయి. మా కారు ఆ రహదారి ఎక్కగానే ఆకాశంలో వంపులు తిరిగిన నీలం, ఎరుపు, తెలుపు పట్టాలు ఒక్కసారిగా ప్రత్యక్షమైనాయి. మా శ్రీమతి వాటిని చూచి, "ఇదేదో రిఫైనరీలా ఉందండీ!" అన్నది. ముప్పై ఏళ్ళుగా కర్మాగారపు టౌన్‌షిప్‌లలో కాపురం చేసిన ఇల్లాలికి అంతకంటే మంచి పోలిక ఎలా తోస్తుంది?

1870లో ఇది ఈతకు, విహారానికి వచ్చేవారి కోసం ఏర్పడిన సరస్సుతీరం మాత్రమే. 1892లో ఇక్కడ మొదటి రోలర్ కోస్టర్ వెలసింది. దాని ఎత్తు 25 అడుగులు, అంటే మన రెండంతస్తుల మేడంత. ఈనాడు ఇక్కడ పదిహేనుకు పైగా కోస్టర్లు ఉన్నాయి. ఈ రెంటి మధ్య సాగిన కథలో కట్టినవాటితోబాటు కూల్చినవి, మార్చినవి కూడా అనేకం. 1950వ దశకం మధ్యలో ఈ ద్వీపకల్పాన్ని కొన్నవారు ఉద్యానాన్ని తొలగించి ఇండ్లు కట్టాలనుకున్నారు. ప్రజలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 1955లో కాలిఫోర్నియాలో ప్రారంభమైన డిస్నీలాండ్ విజయం కూడా వారి కళ్ళెదుట ఉన్నది. ఆలోచన మార్చుకుని ఉద్యానాన్నే అభివృద్ధి చేశారు. ఆ పునర్జన్మకు గుర్తుగా 1964లో కట్టిన కలప కోస్టర్ 'బ్లూ స్ట్రీక్' ఈనాటికీ నడుస్తున్నది.

పాతది ఎందుకు ఉంచుతారు?

మేము మొదట ఎక్కినది ఆ బ్లూ స్ట్రీకే. ఎత్తు 78 అడుగులే. ప్రక్కనున్న దిగ్గజాల ముందు అది తాతగారి సైకిలులా కనిపిస్తుంది. దీని పేరు శాండస్కీ ఉన్నత పాఠశాల క్రీడాజట్ల పేరు నుంచి వచ్చిందట. తన ఊరి బడి పేరు పెట్టుకున్న యంత్రాన్ని ఊరివారు తేలికగా వదులుకుంటారా? తాము పిల్లలుగా ఎక్కినదానిని తమ పిల్లలతోను, మనుమలతోను ఎక్కడానికి వస్తారు. మా ముందు వరుసలో డెబ్బై ఏళ్ళ దంపతులు ఒకరు ఆనందంతో చేతులు పైకెత్తి కేకలు వేశారు. మేము మాత్రం ఎదుటి కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాము.

అయితే పాతదాన్ని ఉంచడానికి జ్ఞాపకాలు మాత్రమే చాలవు. పనితీరు కూడా నిలబడాలి. కలప కోస్టర్లో పలకలను పొరలు పొరలుగా పేర్చి, వాటిమీద ఉక్కుపట్టీ బిగిస్తారు. ఎండకు, వానకు, మంచుకు కలప ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. నట్లు వదులవుతాయి. అందుకని నడిపే రోజుల్లో ప్రతి ఉదయమూ పనివారు ట్రాక్ వెంబడి నడిచి పరీక్షించడం ఈ వృత్తిలో ఆచారం. ఏటా కొంత భాగం చొప్పున కలప మార్చుతూ పోతారు. కొన్నేళ్ళు గడిచేసరికి అసలు కలపలో మిగిలేది కొద్దిభాగమే అయినా కోస్టర్ మాత్రం అదే కోస్టర్. సముద్రతీరంలోని మన కర్మాగారాలలో ఒక చివర రంగువేసి ముగించేసరికి మరొక చివర తుప్పు మొదలయ్యే నిర్మాణాలను చూచినవారికి దీనిని వివరించనక్కరలేదు.

న్యూయార్కులోని కోనీ ఐలండ్‌లో 1927 నాటి 'సైక్లోన్' అనే కలప కోస్టర్ కథ మరింత ఆసక్తికరం. 1970వ దశకంలో ప్రక్కనున్న మత్స్యప్రదర్శనశాలను విస్తరించడానికి దానిని తొలగించాలన్న ప్రతిపాదన వచ్చింది. ప్రజలు అడ్డుపడ్డారు. 1988లో నగరపాలకులు దానిని రక్షిత కట్టడంగా ప్రకటించారు. అంటే ఒక యంత్రం దేవాలయానికో, కోటకో దక్కే హోదాను పొందిందన్నమాట.

కొత్తది ఎందుకు చేరుస్తారు?

కొత్త కోస్టర్‌ను చేర్చడానికి కారణం పైకి సులభంగానే కనిపిస్తుంది. నిరుడు వచ్చినవారు మళ్ళీ రావాలంటే చూడడానికి కొత్తది ఏదో ఒకటి ఉండాలి. 1989లో సీడార్ పాయింట్ 205 అడుగుల ఎత్తున 'మ్యాగ్నమ్'ను నిలబెట్టింది. బయలుదేరిన చోటికే పూర్తి చుట్టు తిరిగివచ్చే కోస్టర్లలో 200 అడుగులు దాటినవాటిలో అదే మొదటిది. అక్కడినుంచి ఉద్యానాల మధ్య ఎత్తుల పోటీ ఆరంభమైంది. 2000 మే నెలలో ఇక్కడే 310 అడుగుల 'మిలీనియమ్ ఫోర్స్' వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో జపానులో 318 అడుగుల 'స్టీల్ డ్రాగన్' దానిని మించిపోయింది. ఎత్తులో సాధించిన కీర్తి ఒక్క వేసవి కూడా నిలవలేదు.

ఐనా మిలీనియమ్ ఫోర్స్ ముందు ఈనాటికీ పెద్ద వరుస ఉంటుంది. దానిని నిలబెట్టింది దాని నడక. మొదటి దిగుడు 300 అడుగులు, అంటే సుమారు 91 మీటర్లు. మనం పాఠశాలలో చదువుకున్న సూత్రం ప్రకారం ఆ ఎత్తునుంచి ఘర్షణ లేకుండా జారితే క్రిందికి వచ్చేసరికి వేగం గంటకు 152 కిలోమీటర్లు కావాలి. అసలు వేగం 150. వరుసలో నిలబడి ఈ లెక్క వేసి అల్లునికి చూపించాము. "మామయ్యగారూ, లెక్క సరిపోయింది కదండీ, ఇక ఎక్కుదామా?" అన్నాడు అతడు నవ్వుతూ. ఎక్కక తప్పలేదు. దిగిన తరువాత మా కాళ్ళు మా మాట వినడానికి అయిదు నిమిషాలు పట్టింది. ప్రక్కసీటులోని మనుమడు మాత్రం, "ఇంకోసారి తాతయ్యా!" అన్నాడు.

ఈ ప్రయాణానికి ప్రాణం చక్రాలలో ఉన్నది. పట్టామీద దొర్లే చక్రాలు, ప్రక్కలకు ఒరగనీయని చక్రాలు, పైకి లేవనీయకుండా పట్టా అడుగున తిరిగే చక్రాలు అని మూడు జతలు. అడుగు చక్రాలకు 1919లో జాన్ మిల్లర్ అనే అమెరికన్ నిర్మాత పేటెంటు పొందాడు. అంతకుముందు కట్టినవాటిలో పెట్టె పట్టామీద కేవలం తన బరువు వల్లనే నిలిచేది. ఈనాడు మనిషి సీటునుంచి లేచినట్లయినా పెట్టె పట్టాను వదలదు.

కొత్తది చేర్చడంలో సంఖ్యల పాత్ర కూడా ఉన్నది. మిలీనియమ్ ఫోర్స్ బండిలో 36 మంది కూర్చుంటారు. నూరు సెకన్లకొక బండి కదిలితే గంటకు దాదాపు 1,300 మంది. ఎక్కించడం, దించడం, కడ్డీలు బిగించి చూడడం అనే పనుల్లో ఒక్కొక్క బండికి అరనిమిషం ఆలస్యమైతే గంటకు మూడువందల మంది తగ్గిపోతారు. ఎంత గొప్ప కోస్టరైనా నలుగురూ ఎక్కలేకపోతే వరుసలో నిలుచున్నవారి విసుగే మిగులుతుంది. అంతా గుండె ధైర్యం గలవారే ఉండరు కనుక చిన్నపిల్లలకు, పెద్దలకు తగినవి కూడా కావాలి. 2021లో ఇక్కడ సరస్సుతీరాన ఉన్న 'వికెడ్ ట్విస్టర్' అనే భీకరమైన కోస్టర్‌ను తీసివేశారు. 2023లో ఆ ప్రాంతాన్ని తీర్చిదిద్దినప్పుడు కుటుంబాలు కలిసి ఎక్కే చిన్న 'వైల్డ్ మౌస్'ను చేర్చారు. మా శ్రీమతి ఎక్కినది అదొక్కటే. ఆనాటి ప్రయాణాలలో తనకు నచ్చినది కూడా అదొక్కటేనని ఇంటికి వచ్చాక తేల్చి చెప్పింది.

తీసివేయడానికి కారణాలు

తొలగింపులో మొదటి కారణం స్థలం. ద్వీపకల్పం చుట్టూ నీరే. కొత్తదానికి చోటు కావాలంటే పాతది లేవాలి. 2012లో ఒక భవనం లోపల చీకటిలో నడిచే 'డిజాస్టర్ ట్రాన్స్‌పోర్ట్' అనే కోస్టర్‌ను తొలగించారు. 2013లో 'గేట్‌కీపర్' వచ్చింది. అది ప్రవేశద్వారం మీదుగానే ఎగిరి తిరుగుతుంది. లోపల దాగినదాని బదులు గుమ్మంలోనే కనిపించి స్వాగతం పలికేదన్నమాట.

ఒక్కొక్కసారి మొత్తం ఉద్యానమే స్థలం కోల్పోతుంది. 1984లో ఢిల్లీలో ప్రగతి మైదాన్ వద్ద ప్రారంభమైన అప్పూఘర్‌ను ఎల్.టి.సి.మీద వెళ్ళిన మన ఉద్యోగుల కుటుంబాలు అనేకం చూచే ఉంటాయి. ఆ స్థలం ఇతర ప్రజావసరాలకు పోవడంతో 2008లో అది మూతపడింది. ఒహాయోలోనే గియాగా లేక్ అనే ఉద్యానం 2007తో ఆగిపోయింది. అక్కడి ఉక్కు కోస్టర్లలో ఒకదానిని విప్పి వర్జీనియాకు తరలించి 2008లో తిరిగి నిలబెట్టారు. 1925 నాటి కలప కోస్టర్ 'బిగ్ డిప్పర్' మాత్రం తొమ్మిదేళ్ళు ఒంటరిగా నిలిచి 2016లో నేలకూలింది. ఉక్కుకు బోల్టు విప్పితే మరొక ఊరు ఉన్నది. కలపకు ఆ భాగ్యం అరుదు.

రెండవ కారణం నిర్వహణ. 2003లో ఇక్కడ కట్టిన 'టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్' ఎత్తు 420 అడుగులు. హైడ్రాలిక్ ఒత్తిడితో తిరిగే డ్రమ్ము తీగను చుట్టుకుంటూ బండిని సుమారు నాలుగు సెకన్లలో గంటకు 193 కిలోమీటర్ల వేగానికి లాగేది. చూడడానికి అద్భుతమే గాని తీగలు, పంపులు, సీళ్ళు, చమురు అని ప్రతిదీ నిత్యం కనిపెట్టుకోవలసినదే. 2021 ఆగస్టులో బండినుంచి ఊడిన లోహపు ముక్క తగిలి, వరుసలో నిలబడి ఉన్న ఒక మహిళ తీవ్రంగా గాయపడింది. ఆ తరువాత అది ఆ రూపంలో తిరిగి నడవలేదు. గోపురాన్ని ఉంచి, హైడ్రాలిక్ యంత్రాన్ని తీసివేసి, విద్యుదయస్కాంత మోటార్లు అమర్చి, వెనుకవైపు అంతే ఎత్తున మరొక గోపురం కట్టి 2024 మేలో 'టాప్ థ్రిల్ 2'గా ప్రారంభించారు. వారం గడిచేసరికి బండ్లలో మార్పులు అవసరమని ఆపివేశారు. 2025లో మళ్ళీ మొదలైంది. మేము చూచిన రోజున అది కొంతసేపు నడిచి, కొంతసేపు ఆగి, సాయంత్రం మళ్ళీ నడిచింది. ఆగినప్పుడల్లా జనం విసుక్కున్నారు. ఆపిన మనిషి ఎవరో మాకు కనబడలేదు గాని, మనసులోనే అతనికి నమస్కరించాము.

దీనికి పోటీగా 2005లో న్యూజెర్సీలో వెలసిన 456 అడుగుల 'కింగ్డా కా'ది కూడా హైడ్రాలిక్ పద్ధతే. దానిని 2024లో మూసివేసి, 2025 ఫిబ్రవరి 28న ప్రేలుడు పదార్థాలతో కూల్చివేశారు. ఒకే తరహా యంత్రాలలో ఒకదానికి పునర్జన్మ, మరొకదానికి అంత్యక్రియలు!

ఉంచుతూనే మార్చడం

ఆ రోజున మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసినది 'స్టీల్ వెంజెన్స్'. 1991లో ఇదే చోట 161 అడుగుల ఎత్తున 'మీన్ స్ట్రీక్' అనే కలప కోస్టర్ కట్టారు. ఏళ్ళు గడిచేకొద్దీ కుదుపులు ఎక్కువయ్యాయి. ఎక్కినవారు నడుములు పట్టుకుని దిగేవారట. కుదుపులు తగ్గించడానికి బ్రేకులు పెడితే ఉత్సాహమూ తగ్గింది. 2016లో దానిని మూసివేశారు. కూల్చివేతే మిగిలిందని అందరూ అనుకున్నారు. కాని కలప ఆధారాలను చాలవరకు అలాగే ఉంచి, పై పట్టా మాత్రం పూర్తిగా ఉక్కుతో వేసి, ఎత్తు 205 అడుగులకు పెంచి 2018లో తిరిగి తెరిచారు. కాళ్ళు పాతవి, నడక కొత్తది. ఈనాడు ఉద్యానంలో జనం అత్యధికంగా కోరుకునేవాటిలో అదొకటి.

అంతకుముందే 2015లో నిలబడి ప్రయాణించే 'మాంటిస్' అనే కోస్టర్‌కు పట్టా అదే ఉంచి, కూర్చునే బండ్లు అమర్చి 'రూగరూ' అని పేరు మార్చారు. అంటే ఉంచడం, తీసివేయడం అన్నవి రెండే మార్గాలు కావు.

ఇక్కడ మా సొంత విషయం ఒకటి చెప్పవలసి ఉన్నది. సెలవుపై బయలుదేరేముందు మేము సభ్యులుగా ఉన్న ముగ్గురు వ్యక్తుల కమిటీ ఒక పాత బొగ్గు కన్వేయర్ విషయమై నివేదిక సిద్ధం చేస్తున్నది. ఉంచాలా, తొలగించాలా అన్నదే ప్రశ్న. తొలగించడమే మేలని ముసాయిదా వ్రాసి పెట్టి వచ్చినది మేమే. పరిశీలనకు వెళ్ళినప్పుడు దానిమీద ముప్పై ఏళ్ళు పనిచేసిన ఫిట్టర్ ఒకరు, "కాళ్ళు బాగానే ఉన్నాయండి సార్, నడుమే అరిగింది" అన్నాడు. ఆ మాటను మేము నోటు పుస్తకంలోకి ఎక్కించుకోలేదు. స్టీల్ వెంజెన్స్ కలప కాళ్ళ క్రింద నిలబడి పైకి చూస్తున్నప్పుడు ఆ మాట చెవిలో మ్రోగింది.

అర అంగుళం

స్టీల్ వెంజెన్స్ ముఖద్వారం వద్ద ఒక కొలబద్ద ఉన్నది. 52 అంగుళాల ఎత్తు లేనివారిని ఎక్కనీయరు. మా మనుమడు అర అంగుళం తక్కువ. బూట్లలో కాగితం పెట్టుకుంటానన్నాడు, బతిమాలాడు, చివరకు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ద్వారం వద్ద ఉన్న అమ్మాయికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మోకాళ్ళమీద కూర్చుని, వాడి కళ్ళలోకి చూస్తూ, వచ్చే ఏడు తప్పక రమ్మని చెప్పింది. ఆమె నవ్వు చెదరలేదు. నియమమూ చెదరలేదు.

"అర అంగుళానికి ఏం పోతుంది, పాపం పిల్లవాడు!" అన్నది మా శ్రీమతి. మాకు మాత్రం ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కర్మాగారంలో చూచిన ఘటన గుర్తుకు వచ్చింది. ఒక హాయిస్టుకు లిమిట్ స్విచ్ తరచూ పనిని ఆపుతున్నదని, షిఫ్టు ఉత్పత్తి పోతున్నదని, దానికి తాత్కాలికంగా తీగ కలిపి ప్రక్కకు తప్పించారు. "ఒక్కరోజుకేగా" అన్నారు. అక్కడ ఉన్నవారిలో మేమూ ఒకరము. మేమూ వద్దనలేదు. ఆ రోజే ఒక హెల్పరు చేతి వేళ్ళు రెండు పోయాయి. ముప్పై ఏళ్ళు దాటినా ఆ కేక మా చెవులను వదలలేదు. ఆ అమ్మాయి వయసులో మాకు ఆమెపాటి గట్టిదనం ఉంటే ఎంత బాగుండేది!

మనుమణ్ణి తల్లికి అప్పగించి, మేము, అల్లుడు మాత్రం ఎక్కి వచ్చాము. కుదుపు లేదు. గాలిలో తేలినట్లున్నది. దిగివచ్చి వాడికి అబద్ధం చెప్పలేకపోయాము. "చాలా బాగుందిరా" అన్నాము. వాడు మరికొంతసేపు అలిగాడు.

తిరుగు ప్రయాణం

సీడార్ పాయింట్ సుమారుగా మే నుంచి అక్టోబరు చివరి వరకే నడుస్తుంది. తరువాత చలికాలం. అప్పుడు బండ్లను విప్పి, ఇరుసులను, వెల్డింగులను పరీక్షించి, అరిగిన చక్రాలు మార్చి తిరిగి కూర్చుతారు. మన వార్షిక షట్‌డౌన్ వంటిదే. వేసవిలో చూచేవారికి కేకలు, దీపాలు మాత్రమే కనిపిస్తాయి. ఉంచాలా, తీసివేయాలా అన్నది మాత్రం ఆ చలికాలపు షెడ్లలో, విప్పి పరచిన ఇరుసుల మధ్యనే చాలావరకు తేలుతుందని మాకు అనిపించింది.

స్వదేశానికి తిరిగివచ్చిన వారంలోనే ఆ ఫిట్టరును వెంటబెట్టుకుని కన్వేయర్ వద్దకు వెళ్ళాము. ఆధారస్తంభాల మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో కొలిపించాము. నాలుగు స్తంభాలు నేలమట్టం వద్ద లోలోపల తిని ఉన్నాయి. మిగిలినవి చెక్కుచెదరలేదు. అతడు చాలావరకు నిజమే చెప్పాడు, పూర్తిగా కాదు. మేము చాలావరకు పొరబడ్డాము, పూర్తిగా కాదు. ముసాయిదా తిరగవ్రాశాము. నాలుగు స్తంభాలు మార్చి, మిగిలినవి ఉంచి, పై భాగమంతా కొత్తది వేయాలన్నది ఇప్పటి ప్రతిపాదన. అత్యవసరంగా ఆపే తాడు, స్విచ్‌లకు ఎవరూ ప్రక్కతోవ కలపడానికి వీలులేని అమరిక అందులో మొదటి అంశం. తుది నిర్ణయం పైవారిది. నివేదికలో ఫిట్టరు మాటను కూడా అతని మాటగానే చేర్చాము.

హైదరాబాదు సమీపాన రావిర్యాలలో 2016లో ప్రారంభమైన వండర్‌లాలోను, ఇతర నగరాల్లోను మన పిల్లలకు ఇప్పుడు రోలర్ కోస్టర్లు అందుబాటులోకి వచ్చాయి. ఈసారి కుటుంబంతో వెళ్ళినప్పుడు, పిల్లవాడి ఎత్తు చాలదని ద్వారం వద్ద ఎవరైనా ఆపితే మిత్రులు కోపగించుకోవద్దని మనవి. మా మనుమడు నెలనెలా గోడకు ఆనుకుని ఎత్తు కొలుచుకుంటున్నాడు. మొన్న ఫోనులో, "తాతయ్యా, పావు అంగుళం పెరిగాను" అన్నాడు. ఇంకా పావు అంగుళం ఉన్నది. తొందరేమీ లేదని చెప్పాము.